మూడో పాలు

కత్తులకోన దాటి, వెంటాడే రాబందుల కళ్ళు కప్పి, చెన్నమల్లుడి ఎడ్లబండి తులాపురం పొలిమేరకు చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఎడ్లు నురగలు కక్కుతున్నాయి. బండిలో మిరియాల గోతాల నడుమ వెల్లకిలా పడుకొని సింగనశెట్టి తిడుతున్నాడు. అప్పటికి ఆయన పాదాలు రాయి, మోకాళ్ళు రాయి, నడుము రాయి. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"మెల్లగా తోలరా మల్లా. కింద సగం రాయైతే మాత్రం, పై సగానికి కుదుపులు తెలీవనుకున్నావా?"

"రాబందులు మళ్ళీ వస్తున్నాయి అయ్యా."

"రానీ. నన్ను పొడిస్తే వాటి ముక్కులే విరుగుతాయి" అని సింగనశెట్టి దగ్గాడు. నడుముకున్న భరిణె తీసి, చిటికెడు మిరియాల పొడి నాలుక మీద వేసుకున్నాడు. ఆయన దగ్గుకు అదే మందు.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకు వెనక జరిగింది చెప్పాలి. ఆ రాబందులు కొండ మలుపు తిరిగేలోగా ముగిస్తాను.

సింగనశెట్టిది కంకణవాడి రాజ్యం. అక్కడ పన్ను నూటికి రెండు పాళ్ళే. ఆ మాట కోటగుమ్మం మీద బంగారు నీటితో రాసి ఉంటుంది, చదువుకొని మురిసిపోవచ్చు. కానీ సంతకు పోయే దారినిండా సుంకపు గడపలు, గడపకొక అధికారి, అధికారికొక చాచిన చెయ్యి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రాజు వదిలేసింది వీళ్ళు వదిలేవారు కారు. సరుకు బండి దిగాలంటే చెయ్యి తడపాలి, బండి ఎక్కాలంటే తడపాలి. అంగడి తెరవాలంటే తడపాలి, గిట్టుబాటు కాక ఆ అంగడి మూసుకోవాలన్నా తడపాలి. చిట్టచివరి గడప దగ్గర సాక్షాత్తూ మంత్రి ధూమ్రజిహ్వుడే కూర్చునేవాడు. వాడు మంత్రి కావడం తర్వాతి సంగతి, ముందు మాంత్రికుడు. నాలుక చాపితే నల్లటి పొగ వస్తుంది. ఆ పొగ సోకిన మనిషి కాలి బొటనవేలి నుంచి పైపైకి రాయవుతూ పోతాడు.

ఒకనాడు సింగనశెట్టికి ఒళ్ళు మండింది. "దారిపొడవునా తడిపీ తడిపీ వచ్చాను దొరా, ఇక నా దగ్గర తడి లేదు" అన్నాడు. వాడు నాలుక చాపాడు. అంతే.

రాయి గుండెను తాకితే ప్రాణం పోతుంది. దానికి విరుగుడు లోకంలో ఒక్కటే, తులాపురంలో ఉన్న ఆర్ద్రమణి. అది ఇంకెవరికీ దక్కకూడదని ధూమ్రజిహ్వుడి పంతం, ఆ రాబందులు వాడివే. వరదలో కొట్టుకొచ్చిన పసిగుడ్డైన తనను ఎత్తుకొని, తన గంజిలో సగం పోసి పెంచిన మనిషి కళ్ళముందే బండరాయైపోతుంటే చెన్నమల్లుడు చూస్తూ ఊరుకోగలడా? ఆ మణిని దొంగిలించడానికే వచ్చాడు. మిరియాల బేరానికి వచ్చానన్నది పైకి చెప్పే మాట. భుజాన వేలాడే గోనెసంచిలో గోడలెక్కే దొంగలు వాడే ఉడుము ఉంది, దాని నడుముకు కట్టిన తాడుంది, ఆ తాడు రెండో కొస చెన్నమల్లుడి నడుముకు ఉంది.

వెనకటి కథ అయింది. ఇదిగో, తులాపురం.

మలుపు తిరగ్గానే ఎడ్లు వాటంతట అవే ఆగిపోయాయి. చలువరాతి ప్రాకారం, దాని మీద నెమలికంఠం రంగు మెరుగుపలకలు, చుట్టూ ఎర్రతామరలు విరబూసిన అగడ్త, అగడ్త మీద వరుస కమానుల వంతెన. ప్రాకారం వెనక మేడ మీద మేడ, మేడ మీద పూలచెట్లు, ఆ చెట్ల మీంచి దుముకుతున్నట్టు కనిపించే నీటిధారలు. వంతెనకు రెండువైపులా బాటసారులు కూర్చోవడానికి పందిళ్ళు, పందిరి పందిరికీ వట్టివేళ్ళు వేసిన నీటికుండలు. కుండల పక్కన వెండిచెంబులున్నాయి. వాటికి గొలుసుల్లేవు. చెన్నమల్లుడు మేడల్ని వదిలేసి ఆ చెంబుల్నే చూశాడు. కంకణవాడిలో మట్టిముంతకు కూడా గొలుసు ఉంటుంది.

సింహద్వారం ముందు రాజ్యమంతటా పేరుమోసిన తక్కెడ ఉంది. తాటిచెట్టంత స్తంభం, దానిమీద అడ్డదూలం, దూలం కొసలకు ఇనుప గొలుసులు, గొలుసులకు ఎడ్లబండి పట్టేంత కంచుపళ్ళేలు. తక్కెడ పెద్ద నాగసాని బండ్ల వరస వెంబడి తిరుగుతూ కొత్తవాళ్ళకు పద్ధతి చెబుతోంది. నడివయసు మనిషి, నెరిసిన కొప్పు, చురుకైన చూపు. చేతులు రెండూ వీపు వెనక కట్టుకొని ఉంది. ఆమె ఒక్కతే కాదు, అక్కడి రాజోద్యోగులంతా అలాగే చేతులు వెనక్కి పెట్టుకొని తిరుగుతున్నారు.

"మీ వంతు వచ్చాక సరుకును మూడు పాళ్ళు చేసి, మూడో పాలు పన్నుగా పళ్ళెంలో మీరే వెయ్యాలి బాబూ. మేం చేత్తో తాకం" అంది నాగసాని.

"మూడో పాలా?" సింగనశెట్టి లేవబోయాడు గానీ నడుము లేవలేదు. "పట్టపగలు బందిపోటుతనం కాదుటమ్మా ఇది? మా రాజ్యంలో నూటికి రెండే."

"అలాగా తాతా. మరి మీ రాజ్యంలో నిండుబండితో బయల్దేరితే సంతకు ఎంత చేరుతుంది?"

సింగనశెట్టి నోరు తెరిచాడు. లోపల ఏదో లెక్క వేసుకున్నట్టున్నాడు, మళ్ళీ మూశాడు. పొలిమేర దాటాక ఆయన నోరు మూతపడటం అదే మొదలు.

"ఇక్కడ ఒక్కసారే వేస్తారు" అంది నాగసాని. "ఆపైన ఈ రాజ్యంలో ఎక్కడైనా అమ్ముకోండి, ఎంతకైనా అమ్ముకోండి, నచ్చిన వీధిలో అంగడి పెట్టుకోండి. ఎందుకని అడిగేవాడుండడు. ఆ సంచిలో ఏమిటి బాబూ?"

చెన్నమల్లుడు సంచి మూతి బిగించి పట్టుకున్నాడు. "ఉడుమమ్మా."

"పెంపుడుదా? పెంచుకునే వాటికి పన్ను లేదులే."

"బతికిపోయింది. లేకపోతే దాని తోక కోసి పళ్ళెంలో పెట్టాల్సొచ్చేది" అని గొణిగాడు సింగనశెట్టి. నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు. చెన్నమల్లుడు ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూశాడు. పక్కటెముకలు చల్లగా, గరుగ్గా తగిలాయి. గుండె ఇంకా కొట్టుకుంటోంది, కానీ రాయి దాని అంచుకు వచ్చేసింది. ముందు చూస్తే వంతెన పొడుగునా బండ్లు. వెనక చూస్తే కొండ మీద నల్లని రెక్కలు.

ఇక్కడే చెన్నమల్లుడు కంకణవాడివాడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు చేశాడు. కంకణవాడిలో అధికారి చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడితే దానికి ఒకటే అర్థం: ముందువైపు నలుగురూ చూస్తున్నారు, ఇచ్చేదేదో వెనకనుంచి వచ్చి ఇమ్మని. పాపం, నాగసాని చేతులు చూసినప్పటి నుంచి చెన్నమల్లుడు అదే అనుకుంటున్నాడు. గబగబా వేలి ఉంగరం తీశాడు. తాను పెద్దవాడైననాడు సింగనశెట్టి తన వేలిది తీసి తొడిగిన ఉంగరమది. ఆమె వెనక్కి వెళ్ళి, ముడుచుకున్న ఆ చేతుల్లో దాన్ని కుక్కి, "కాస్త ముందు పంపించండమ్మా" అన్నాడు మెల్లగా.

నాగసాని తిరిగి చూడకుండానే పిడికిలి బిగించింది. తర్వాత గొంతెత్తింది.

"తక్కెడ ఆపండి."

తక్కెడ ఆగింది. వెంటనే సింహద్వారం తలుపులు కిర్రుమంటూ మూసుకున్నాయి. లంచం వాసన తగిలితే, ఆ సంగతి అందరి ముందూ తేలేదాకా తులాపురం ద్వారం తెరవరు. తొందరపడి తలుపు తీయించబోయినవాడే తలుపు మూయించాడు. నాగసాని తక్కెడ దాకా నడిచి, పళ్ళేనికి వీపు తిప్పి, చేతిలోదేమిటో చూడకుండానే వదిలింది. ఉంగరం కంచు మీద ఖంగుమంది.

"ఇది ఎందుకిచ్చావు? మేం నీకు ఏం అన్యాయం చేస్తామని భయపడ్డావు?"

చెన్నమల్లుడు కొరడా అయితే తట్టుకొనేవాడు, చెర అయితే తప్పించుకొనే ఉపాయం వెతికేవాడు. ఈ ప్రశ్న అతన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు. మంచిగా అడిగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవ్వకపోతే పంపరనుకున్నానమ్మా. మా ఊళ్ళో పంపరు. మా అయ్య గుండె దాకా రాయి వచ్చేసింది. నా వంతు వచ్చేదాకా ఆయన ఉండడు."

వరసలో గాజుల గంప దించుకొని కూర్చున్న ఒక ముసలామె లేచింది. "ఆ ముక్క ముందే చెప్పొద్దుటయ్యా? ప్రాణం మీదికొచ్చిన బండికి వరసేమిటి?" అని, ముందున్న బండివాడి ఎడ్లను తనే అదిలించింది. ఆ బండి పక్కకు జరిగింది. దాని ముందుది జరిగింది. చూస్తుండగా వంతెన పొడుగునా దారి విచ్చుకుంది. ఎవరూ చెయ్యి చాచలేదు. చెన్నమల్లుడు ఎటు చూసి దణ్ణం పెట్టాలో తెలియక అందరివైపూ తిరిగి పెట్టాడు.

అందరి కళ్ళూ తక్కెడ మీదే ఉన్న ఆ కాసేపట్లో ఒక పెద్ద రాబందు, పన్నూ గిన్నూ లేకుండా, ప్రాకారం మీంచి ఊళ్ళోకి జారింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను గనక చెబుతున్నాను.

"తెలియక చేశాడు, నిజం చెప్పాడు" అంది నాగసాని జనంతో. తర్వాత చెన్నమల్లుడితో, "నీ ఉంగరం నువ్వే తీసుకొని, అందరూ చూస్తుండగా నీ వేలికే పెట్టుకో. ఇదే శిక్ష" అంది. చెన్నమల్లుడు తల వంచుకొని ఉంగరం తొడుక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే కొరడాయే నయం.

తర్వాత గోతాలు దింపి మూడో పాలు పళ్ళెంలో పోశాడు. మిరియాలు జలజలా రాలుతుంటే సింగనశెట్టి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. పన్నంటే ఎవరికి ఇష్టం?

"ఇక మీ అయ్యను వైద్యశాలకు తీసుకుపో" అంది నాగసాని. "ద్వారం దాటగానే ఎదురుగా ఉంటుంది. ఆర్ద్రమణి అక్కడే గూట్లో ఉంది. తీసుకొని ఆయన ఒంటికి తాకించు."

"తీసుకోవడమంటే?"

"తీసుకోవడమంటే తీసుకోవడమే. మూడో పాలు వేశావుగా. ఆ మణి రాజుది కాదు బాబూ, ఇలా పళ్ళెంలో వేసినవాళ్ళందరిదీ. మా తాతల నాడు వాళ్ళ పన్నుతోనే కొన్నారు. ఆ గూటికి తాళం లేదు. మూడో పాలు వేసిన చెయ్యి తాకితే తెరుచుకుంటుంది, వెయ్యని చెయ్యి ఎంత గుంజినా కదలదు."

చెన్నమల్లుడికి భుజాన ఉన్న సంచి ఒక్కసారిగా బరువెక్కింది. ఏ గోడ ఎక్కి ఏ కావలివాణ్ణి కొట్టి తెద్దామనుకున్నాడో, ఆ మణి తనదేనట. నాలుగు గోతాల మిరియాలకు ఊరు ఊరంతా తనను తమవాణ్ణి చేసుకుంది. అతను వంగి నాగసాని పాదాలు తాకబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"అదీ తీసుకోం. పద, ముందు ఆయన సంగతి చూడు."

ద్వారం తెరుచుకుంది. ముక్కూ మొహం తెలియని మనుషులు ఎనమండుగురు సింగనశెట్టిని మంచం మీదికి ఎత్తి, వైద్యశాల చావడిలో దింపి, ఏమీ అడక్కుండా తమ పనిమీద తాము పోయారు. చావడికి నడుమ కప్పు లేదు, పైన నీలాకాశం. చుట్టూ గంధపుచెక్క స్తంభాలు, స్తంభాల నడుమ మూలికల జాడీలు. ఎదురుగోడలో స్ఫటికపు తలుపు వేసిన గూడు, లోపల నేరేడుపండంత మణి తడిగా మెరుస్తోంది. గూటి పక్కన తెల్లగడ్డం వైద్యుడు నిలబడి ఉన్నాడు.

"రా నాయనా, రా. నీకోసమే చూస్తున్నాను" అన్నాడు.

చెన్నమల్లుడు తలుపు తాకాడు. వేళ్ళు తగిలీ తగలకముందే అది తెరుచుకుంది. మణి అరచేతిలోకి వచ్చింది, అప్పుడే కడిగినంత చల్లగా. అతను మంచం వైపు తిరిగాడు.

వైద్యుడు అడ్డం వచ్చాడు. "మణి వాడకం తెలిసినవాణ్ణి నేను, ఇలా ఇవ్వు. అన్నట్టు" అని గొంతు తగ్గించి చెయ్యి చాచాడు, బొటనవేలూ చూపుడువేలూ రాస్తూ. "మరి నా సంగతేమిటి?"

అలవాటు ఎంత పాడుదో చూడండి. ఆ మాట వినగానే చెన్నమల్లుడి ప్రాణం కుదుటపడింది, తెలిసిన లోకంలోకి వచ్చినట్టు. చెయ్యి దానంతటదే ఉంగరం మీదికి పోయింది. ఉంగరం తగిలింది. తక్కెడ ముందు ఎర్రబడిన చెవులు గుర్తొచ్చాయి. ఈ ఊళ్ళో చేతులు వెనక ఉంటాయి కదా, మరి ఈ చెయ్యి ముందుకెలా వచ్చింది?

నోరు మూసుకొని మణి ఒక్కటే అడిగి ఉంటే ధూమ్రజిహ్వుడికి దక్కేది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. గూడు తెరవడం తన చేతకాక చెన్నమల్లుడి కోసం కాచుకు కూర్చున్న మాంత్రికుడు, అంత చేసీ, చిల్లర దగ్గర దొరికిపోయాడు.

"అయ్యా, ఆ గొంతు" అన్నాడు చెన్నమల్లుడు.

"నేనూ పోల్చుకున్నానురా" అన్నాడు సింగనశెట్టి మంచం మీంచి. వైద్యుడి నోట్లోంచి నల్లని నాలుక బయటపడేలోగా ఆయన భరిణె మూత తీసి, మిరియాల పొడి అంతా ఆ మొహాన కొట్టాడు. మాంత్రికుడు తుమ్మాడు. తెల్లగడ్డం ఊడింది. మళ్ళీ తుమ్మాడు, చేతులు రెక్కలయ్యాయి. పొగ దారి తప్పి కప్పులేని చోటునుంచి పైకి పోయింది. జాడీల వెనక మత్తులో పడి ఉన్న అసలు వైద్యుడు అప్పుడే మూలగడం మొదలుపెట్టాడు.

ఆ సందులో చెన్నమల్లుడు మణిని సింగనశెట్టి గుండె మీద అదిమాడు. రాయి వెన్నలా కరిగింది. పక్కటెముకలు కదిలాయి, ముసలాయన ఊపిరి నిండా పీల్చాడు. మణి నడుము దాకా జారిందో లేదో, మాంత్రికుడు ఎడ్లను ఎత్తుకుపోయేంత రాబందైపోయాడు. ఆ రాబందు మీదికి దూకి మణిని ముక్కున కరుచుకుంది. చెన్నమల్లుడు ఎగిరి దాని కాళ్ళు పట్టుకున్నాడు. అది అతనితో సహా ఆకాశంలోకి లేచింది.

చావడి కిందికి పోయింది, ప్రాకారం కిందికి పోయింది. తక్కెడ దూలం మీదుగా పోతుండగా చెన్నమల్లుడు ఒక చెయ్యి వదిలి, సంచిలోని ఉడుమును తీసి కిందికి విసిరాడు. అది పన్ను పళ్ళెం గొలుసును కరుచుకొని నాలుగు కాళ్ళతో బిగిసింది. ఉడుంపట్టు సంగతి మీకు చెప్పాలా? తాడు బిగుసుకుంది. రాబందు రెక్కలు ఝాడించి గుంజింది. మిరియాల రాశితో పళ్ళెం నేల విడిచి లేచింది.

నాగసాని పరుగున వచ్చింది. ఆమె చేతులు వెనకనుంచి ముందుకు రావడం తులాపురం చూడటం అదే మొదటిసారి. రెండు చేతులా పళ్ళెం అంచు పట్టి అందులోకి ఎక్కింది. గాజుల ముసలామె ఎక్కింది. బండ్లవాళ్ళు ఎక్కారు, కావలివాళ్ళు ఎక్కారు. ఎక్కమని ఎవరూ చెప్పలేదు. అయినా పళ్ళెం ఊగుతూ పైకే పోతోంది. నడుం కోసుకుపోతుంటే చెన్నమల్లుడు పళ్ళు బిగించాడు.

వైద్యశాలలో మంచం మీంచే, తెరిచిన గుమ్మంలోంచి చూస్తూ సింగనశెట్టి గొంతెత్తాడు.

"అలా చూస్తారేమిటర్రా, నన్ను కూడా మోసుకుపోయి ఆ పళ్ళెంలో పడెయ్యండి. నడుం కింద అంతా రాయేగా, బరువుకు పనికొస్తాను."

నూటికి రెండు దాటి తన రాజుకు ఏనాడూ గవ్వ ఎక్కువివ్వని సింగనశెట్టిని ఎనమండుగురు మోసుకొచ్చి పన్ను పళ్ళెంలో పడుకోబెట్టారు. పళ్ళెం దభీమని నేలకు దిగింది. పైన రాబందు రెక్కలు తడబడి, కిందికి జారడం మొదలుపెట్టింది. మణిని కరుచుకున్న ముక్కు సందుల్లోంచి నల్లని పొగ కారి చెన్నమల్లుడి కాళ్ళ మీదికి దిగింది.

"వదలకురా మల్లా" అని కేకేశాడు సింగనశెట్టి, మిరియాల మీద వెల్లకిలా పడుకొని. "ఆ మణిలో మన మూడో పాలుంది."

"వదలనయ్యా" అన్నాడు చెన్నమల్లుడు. అతని బొటనవేలు అప్పటికే రాయైంది. ఒక చేత్తో రాబందు కాలు పట్టుకొనే, రెండో చెయ్యి దాని ముక్కు వైపు చాచాడు.